నాలుగువందల పదిహేడో పడవ

పడవలన్నిటికీ నంబర్లు వేసి కంప్యూటర్లో ఎక్కించాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు గవ్వలదిబ్బలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అంతకుముందే మనుషులకు వేశారు, గేదెలకు వేశారు, వీధి దీపాల స్తంభాలకు వేశారు. ఇక మిగిలింది పడవలే.

గవ్వలదిబ్బ సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి మత్స్యశాఖ కార్యాలయం ఒక పెంకుటింట్లో ఉండేది. దాని అధిపతి సహాయ సంచాలకులు ఏకామ్రేశ్వరరావు గారు. ఆయనకు సముద్రం గిట్టదు. ఉప్పు గాలికి ఫైళ్ళు మెత్తబడతాయని సముద్రం వైపు కిటికీలన్నీ మూయించేశారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన మీద ఒక్క రిమార్కు లేదు. ఆయన సంతకంతో మొదలైన పని కూడా ఒక్కటి లేదు.

పడవల నమోదు పని అక్కడే కాంట్రాక్టు పద్ధతిలో ఉన్న హైమావతి అనే ఆపరేటరుకు అప్పగించారు. పక్క పట్నంలో కంప్యూటర్ నేర్చుకున్న పిల్ల. ఏటేటా మార్చి నెలాఖరున ఆమె ఉద్యోగం చచ్చి, ఏప్రిల్లో ఏకామ్రేశ్వరరావు గారి సిఫారసు మీద మళ్ళీ పుట్టేది. కాబట్టి ఏ మాటైనా ఆమె మెల్లగా, చివర 'సార్' తగిలించి చెప్పేది.

నమోదు పట్టిక మొదటిసారి చూసినరోజు, నంబర్ల గడి పక్కన ఉన్న చిన్న తాళంచెవి బొమ్మ మీద ఏకామ్రేశ్వరరావు గారి కన్ను పడింది.

"ఇదేమిటమ్మా?"

"ప్రైమరీ కీ సార్. ఏ రెండు పడవలకీ ఒకే నంబరు రాకుండా కాపాడుతుంది."

"కార్యాలయంలో తాళంచెవులన్నీ అధిపతి దగ్గరే ఉండాలి. నిబంధన తెలుసా?"

"అది బొమ్మ సార్. తీయడానికి రాదు."

"సరే, తీయడానికి రాదని ఒక కాగితం రాసి ఇవ్వండి," అన్నారాయన. ఆమె రాసి ఇచ్చింది. ఆయన ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి, బీరువాకి తాళం వేసి, ఆ తాళంచెవి జేబులో వేసుకుని తృప్తిపడ్డారు.

నంబర్లు హైమావతి వేసేది కాదు. పడవ యజమాని పేరులో మొదటి అక్షరం కొట్టగానే కంప్యూటరే తరువాతి నంబరు తనంతట తాను వేసేది. గవ్వలదిబ్బ, చుట్టూ ఉన్న నాలుగు పల్లెలు కలిపి పడవలు ఎక్కువే. నాలుగువందల పదహారు ఎక్కించాక, ఒక మధ్యాహ్నం తరువాతి దరఖాస్తు తీసి రెండక్షరాలు కొట్టింది. కొట్టాక చూస్తే అది ముందురోజే ఎక్కించిన పడవ. రద్దు మీట నొక్కి, ఆ కాగితం పక్కన పెట్టి, ఇంకొకటి తీసింది. కంప్యూటరు దానికి 418 వేసింది. 417 అంతకుముందే వాడేసింది కాబట్టి మళ్ళీ దాని జోలికి పోలేదు. హైమావతి ఆ సంగతి గమనించింది. అలా జరగడం మామూలేనని ఆమెకు నేర్పిన మాస్టారు చెప్పి ఉన్నారు. టీ తాగి వచ్చి పని కొనసాగించింది.

చివరి పడవకి 612 వచ్చింది. 612 పడవలు నమోదయ్యాయని ఏకామ్రేశ్వరరావు గారు రాజధానికి రాసేశారు.

తరువాతి నెల జిల్లా నుంచి సమీక్షాధికారి పరాంకుశం గారు వచ్చారు. ఆయనకు అంకెలంటే ప్రాణం. భోజనంలో కూడా ఎన్ని గారెలు వడ్డించారో, ఎన్ని తిన్నారో సరిచూసుకుని గాని చెయ్యి కడుక్కోరు. ఆయన పట్టిక చివరిదాకా చూసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"చివరి నంబరు 612. పడవలు 611. ఒకటి ఏదీ?"

ఏకామ్రేశ్వరరావు గారు హైమావతి వైపు చూశారు.

"417 సార్," అంది హైమావతి లేచి నిలబడి. "ఆ నంబరు పోయింది సార్."

"పోయిందా!" అన్నారు పరాంకుశం గారు. "ఎప్పుడు పోయింది?"

"పోయిన నెల పదకొండో తారీఖు సార్. మధ్యాహ్నం మూడింటప్పుడు."

"పదకొండున పోతే ఇవాళ్టిదాకా పై అధికారులకు ఎందుకు తెలియపరచలేదు? అందులో ఎంతమంది ఉన్నారు?"

"ఎవరూ లేరు సార్. అది పడవ కాదు, నంబరే. అక్కడ పడవే లేదు సార్."

"పడవ లేదని నేనూ అంటున్నాను. ఉంటే ఈ సమావేశం ఎందుకు?"

హైమావతి ఓపిగ్గా చెప్పడానికి ప్రయత్నించింది. "సార్, ఆ నంబరు లెక్క కోసం కాదు. ఒక పడవ ఇంకో పడవతో కలిసిపోకుండా పెట్టే గుర్తు. వరసగా ఉండక్కర్లేదు సార్."

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. "ప్రభుత్వంలో వరసగా ఉండక్కర్లేనిది ఏదైనా ఉందా అమ్మా? మీరు సాంకేతికంగా మాట్లాడుతున్నారు. మేము పరిపాలనాపరంగా ఆలోచిస్తున్నాం."

సమావేశం ముగిసేసరికి మినిట్సు తయారయ్యాయి. '417వ నంబరు పడవ గత నెల పదకొండవ తేదీ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో పోయినట్లు కార్యాలయ సిబ్బంది అంగీకరించియున్నారు. సదరు పడవ ఆచూకీ లభించువరకు ఈ పరిధిలోని ఏ పడవయు సముద్రములోనికి వెళ్ళరాదు. వెళ్ళిన యెడల పోయిన పడవలకును వెళ్ళిన పడవలకును భేదము తెలియక లెక్క తారుమారగును.'

ఆ కాగితం ఒడ్డున ఉన్న ఐస్ గదుల గోడకి అంటించారు. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి వినిపించారు. విన్నవాళ్ళు ఇంకోసారి చదవమన్నారు. మర్నాడు పొద్దున్నే గనగళ్ల యర్రయ్య పదిమందిని వెంటేసుకుని ఆఫీసుకు వచ్చాడు. ఊళ్ళో పెద్దమనిషి. మాట నెమ్మది.

"బాబూ, పోయిన పడవేటి? మా పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మనుసులందరూ ఉన్నారు. నాను నిన్న ఇల్లిల్లూ తిరిగి అడిగినాను."

"చూడు యర్రయ్యా," అన్నారు ఏకామ్రేశ్వరరావు గారు, "ఉన్న పడవల గురించి నాకు చెప్పకు. ఉన్నవాటితో మాకు ప్రస్తుతం పేచీ లేదు. లేని పడవ గురించి చెప్పు."

"లేని పడవ గురించి ఏటి సెప్పమంతారు బాబూ? నేదనే గదా సెప్తాం."

"అదే రాసుకుంటున్నాం. లేదని నువ్వూ ఒప్పుకున్నావు."

యర్రయ్య వెనక్కి తిరిగి తన వాళ్ళ మొహాలు చూశాడు. "ఇప్పుడిప్పుడే వలలో సేప పడతంది బాబూ. ఈ పదైదు రోజులూ పోతే మల్లీ ఏడాదికే. ఇంట్లో పొయ్యిల మీద ఏటి ఎట్టమంతారు?"

"అత్యవసర పరిస్థితుల్లో ప్రజలు సహకరించాలి," అన్నారాయన. ఆ మాట ఆయన ఎప్పటినుంచో ఎవరితోనైనా అనాలనుకుంటున్నారు.

వాళ్ళు వెళ్ళాక హైమావతి గదిలోకి వచ్చింది. రాత్రంతా ఆలోచించి వచ్చింది. తప్పు తనదేనని, పొరపాటున మొదలుపెట్టి మానేసిన దరఖాస్తు అదేనని, కావాలంటే ఆ కాగితం చూపిస్తానని చెప్పింది. ఏకామ్రేశ్వరరావు గారు పూర్తిగా విన్నారు. విన్నాక ఆయనకు అర్థమైంది కూడా. అదే ఆయన్ని భయపెట్టింది.

"అయితే ఇంకో పడవ ఎక్కించు. ఆ ఖాళీలో కూర్చుంటుంది."

"కూర్చోదు సార్. దానికి 613 వస్తుంది."

"అప్పుడు?"

"పడవలు 612 ఉంటాయి. చివరి నంబరు 613 ఉంటుంది."

"అంటే అప్పుడూ ఒకటి పోయినట్టే. పోనీ ఆ 613 తీసెయ్."

"తీసేసి మళ్ళీ ఏదైనా ఎక్కిస్తే 614 వస్తుంది సార్. అప్పుడు రెండు పోయినట్టు."

ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. "417 తరువాతివన్నీ ఒక్కొక్క నంబరు ముందుకు జరిపితే?"

"అప్పుడు 611 దగ్గర ఆగుతుంది సార్. లెక్క సరిపోతుంది."

"సరిపోతుందా? 612 అని రాజధానికి నా సంతకంతో రాశాను. ఒకసారి పైకి వెళ్ళిన అంకె కిందికి దిగదు అమ్మా. దిగితే నేను దిగాలి." ఆయన లేచి, కీబోర్డు తీగ పీకి, బీరువాలో పెట్టి తాళం వేశారు. "ఈ కార్యాలయంలో ఇకమీదట ఎవరూ ఏ మీటా నొక్కరాదు. నువ్వు చెప్పింది నేను వినలేదు. నువ్వూ చెప్పలేదు. మార్చి దగ్గరికొస్తోంది, గుర్తుంచుకో."

హైమావతి గుర్తుంచుకుంది.

మూడోరోజున పడవల బహిరంగ తనిఖీ జరిగింది. అయిదు ఊళ్ళ పడవల్నీ నంబరు వరసన ఒడ్డుమీద నిలబెట్టమన్నారు. మనుషులు రెండు రోజులు ఇసుకలో పడవలు లాగారు. పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. 416కీ 418కీ మధ్య ఒక పడవ పట్టేంత చోటు కొలిచి, సున్నం గీత గీయించి, ఆ ఖాళీలో '417' అని బోర్డు పాతించారు. అధికారులందరూ ఆ ఖాళీ ముందు నిలబడి కాసేపు చూశారు. ఫొటోగ్రాఫరు నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీశాడు. ఒక కుక్క వచ్చి ఆ చోట పడుకుంటే, సాక్ష్యం చెడిపోతుందని తరిమేశారు.

తరువాత పొరుగు పడవల విచారణ. 418 యర్రయ్యదే.

"నీ పక్క పడవను చివరిసారి ఎప్పుడు చూశావు?" అడిగారు పరాంకుశం గారు.

"నా పక్కన పడవ నేదు బాబూ. మా ఇంటి పక్కన సూరాడ గురయ్య పడవుంది. దాని నంబరు తొంభై రెండు."

"తొంభై రెండు నీ పక్కన ఎలా ఉంటుంది? నీకు పక్కన ఉండేది 417. అది పోయినరోజు మధ్యాహ్నం మూడింటికి నువ్వు ఎక్కడ ఉన్నావు?"

"నిద్రపోతన్నాను."

'పొరుగు పడవ పోవుచుండగా సదరు వ్యక్తి నిద్రించుచున్నాడు' అని రాసుకున్నారు. యర్రయ్యకు నోటీసు కూడా ఇచ్చారు. 417 కనపడకుండా పోవడం వల్ల 416 తరువాతి స్థానాన్ని అనుభవిస్తున్న లబ్ధిదారు అతడే కనుక, అతని పాత్రపై వివరణ ఇవ్వాలని అందులో ఉంది. యర్రయ్య ఆ నోటీసు మడిచి, చెవిలో బీడీ పక్కన పెట్టుకున్నాడు.

ఆరోరోజున సూరాడ పోలమ్మ ఆఫీసుకు వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. ఎండుచేపల గంప గుమ్మం బయటే దించి, చేతులు చీరకు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టింది.

"పోయిన పడవ కోసం ఎతుకుతన్నారంట గదా బాబూ. నిజమేనా?"

"నిజమే. నీకేమైనా తెలుసా?" అన్నారు ఏకామ్రేశ్వరరావు గారు. ఆ వారంలో 'తెలియదు' అనకుండా మాట మొదలుపెట్టిన మొదటి మనిషి ఆమే.

"అది మా సింహాద్రిది. నా కొడుకు. పద్దెనిమిదేల్ల కిందట కార్తీకంలో ఎల్నాడు. గాలేసింది. మల్లీ రానేదు. ముందర ఎర్రగీత ఉంటది బాబూ. రెండేపులా కన్నులు ఏసినాడు. ఆడే గీసుకున్నాడు, ఒక కన్ను పెద్దదీ ఒక కన్ను సిన్నదీ."

హైమావతి కుర్చీలోంచి సగం లేచింది. ఏకామ్రేశ్వరరావు గారు ఆమె వైపు ఒక్క చూపు చూశారు. ఆమె కూర్చుంది.

'ఆనవాళ్ళు: ముందుభాగమున ఎర్రగీత. ఇరుప్రక్కల కన్నులు, పరిమాణమున అసమానములు. కడపటిసారి చూసినవారు: తల్లి.' ఆయన గబగబా రాసుకున్నారు. అంతవరకు ఆ పడవకి నంబరు తప్ప ఏమీ లేదు. ఇప్పుడు రంగు వచ్చింది, కన్నులు వచ్చాయి, తల్లి కూడా వచ్చింది. పద్దెనిమిదేళ్ళ కిందట పోయిన పడవ పోయిన నెల పదకొండున మళ్ళీ ఎలా పోయిందని ఎవరూ అడగలేదు. నివేదికలో తేదీకి ఒకే గడి ఉంది. అందులో తేదీ అప్పటికే నింపేసి ఉంది.

ఆ నివేదిక చూసి పైవాళ్ళు కదిలిపోయారు. రేవు పట్నం నుంచి గస్తీ లాంచీ ఒకటి పంపించారు. దూరదర్శిని పట్టుకున్న మనిషి ఒకడు, ఆనవాళ్ళు చదివేవాడు ఒకడు, సంతకం పెట్టేవాడు ఒకడు అందులో ఎక్కారు. లాంచీ రోజూ పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేది. పోలమ్మ రోజూ ఒడ్డున కూర్చునేది. లాంచీ కనపడగానే లేచి నిలబడేది. సంతకం పెట్టేవాడు దిగి, 'లేదు' అని తల ఊపి, సంతకం పెట్టేవాడు. ఆమె మళ్ళీ కూర్చునేది.

హైమావతి మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, తినకుండానే మూసేసేది. రోజుకోసారి చెప్పేద్దామని ఒడ్డుదాకా వెళ్ళేది. ఆ ముసలామె మొహం చూసి, ఎండలో ఎందుకు కూర్చున్నావు మామ్మా అని మాత్రం అడిగి వచ్చేసేది.

ఈలోగా పల్లెల్లో ఎండుచేప కూడా అయిపోయింది. పన్నెండోరోజు సాయంత్రం యర్రయ్య ఇంటి అరుగు మీద అందరూ కూడారు. పెద్దగా చర్చేమీ జరగలేదు.

"పడవ నేదని ఒడ్డునుంటే పడవ ఒస్తాదా?" అన్నాడు యర్రయ్య.

"రాదు," అన్నారందరూ.

"రేపు ఎల్దాం. పిల్లలకి కూడెట్టాల గదా."

మర్నాడు పది గంటలకు ఏకామ్రేశ్వరరావు గారు ఆఫీసుకు వచ్చేసరికి, అటెండరు చాలా ఏళ్ళ తరువాత సముద్రం వైపు కిటికీ తెరిచి చూస్తున్నాడు. ఆయనా వెళ్ళి చూశారు. ఒడ్డు ఖాళీ. అయిదు ఊళ్ళ ఒడ్డు పొడుగునా ఒక్క పడవ లేదు. '417' బోర్డు ఒక్కటే నిలబడి ఉంది.

ఫోను అందుకున్నారు. నిబంధన ప్రకారం ఒడ్డున ఉండాల్సినవి ఒడ్డున లేకపోతే పోయినట్టే.

"సార్, 612 పోయాయి సార్," అన్నారు పరాంకుశం గారితో.

గంటన్నరలో పరాంకుశం గారు జీపుల మీద దిగారు. ఒడ్డున షామియానా వేశారు. 'మహా విపత్తు సహాయ కేంద్రం' అని బట్ట కట్టారు. దుప్పట్లు వచ్చాయి, అరటిపళ్ళు వచ్చాయి, మంచినీళ్ళ ప్యాకెట్లు వచ్చాయి. మైకు సరిచూడటానికి ఒకడు 'హలో హలో' అంటూ సముద్రానికి వినిపించాడు. కీబోర్డును బీరువాలోంచి బయటికి తీయడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. హైమావతిని కంప్యూటరుతో సహా షామియానా కింద కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం రెండు దాటాక మొదటి పడవ కనిపించింది. అది సూరాడ గురయ్యది. వల నిండా కవళ్ళ చేపలు.

"వచ్చింది! ప్రాణాలతో వచ్చింది!" అంటూ ఏకామ్రేశ్వరరావు గారు బూట్లతోనే మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు. ఆయన సముద్రంలో అడుగు పెట్టడం అదే మొదలు. గురయ్య చెయ్యి పట్టుకుని దింపి, భుజాల మీద దుప్పటి కప్పి, చేతిలో అరటిపండు పెట్టారు. మైకులో "తొంభై రెండు, రక్షింపబడినది!" అని వినిపించింది. హైమావతి తొంభై రెండు ఎదురుగా గడిలో గుర్తు పెట్టింది.

ఆ తరువాత పడవలు వరసగా రావడం మొదలుపెట్టాయి. ప్రతి పడవనూ రక్షించారు. చివరికి యర్రయ్య వచ్చాడు. అతనికీ దుప్పటి కప్పబోయారు.

"దుప్పటెందుకు బాబూ? ఎండ మండిపోతంది."

"రక్షింపబడినవారికి దుప్పటి కప్పాలని నిబంధన. ఫొటోలో దుప్పటి కనపడాలి. కాస్త వణుకు."

యర్రయ్య చుట్టూ చూశాడు. కడుపునిండా అన్నం తిని పన్నెండు రోజులైన మొహాలు పడవల మీద నవ్వుతున్నాయి. ఆడవాళ్ళు గంపలతో పరుగెత్తుకొస్తున్నారు. అతను కాస్త వణికాడు.

అయిదున్నరకి పరాంకుశం గారు కాగితం మీద లెక్క వేశారు. ఒకసారి వేశారు, నమ్మకం కుదరక మళ్ళీ వేశారు. పోయినవి 612. ఒక్కరోజులో రక్షించినవి 611. తొంభై తొమ్మిది దశాంశం ఎనిమిది శాతం.

"ఇంతటి రక్షణ కార్యక్రమం నా సర్వీసులో ఎరగను," అని ఆయన ఏకామ్రేశ్వరరావు గారిని కౌగిలించుకున్నారు. కౌగిలిలో ఉన్నాయన బూట్లలో ఇంకా నీళ్ళున్నాయి. "ఒక్కటి మిగిలిందంటారా? ప్రకృతి వైపరీత్యాలలో ఆ మాత్రం అనుమతించదగినదే. నిషేధం ఎత్తివేస్తున్నాం. ఆ ఒక్కదాని కోసం గాలింపు కొనసాగుతుంది."

ఏకామ్రేశ్వరరావు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. పల్లెలు మళ్ళీ వేటకు పోయాయి. అంతా సర్దుకుంది. హైమావతికి మాత్రం సర్దుకోలేదు. ఉద్యోగం పోతే పోయిందనుకుని, రెండు రోజుల తరువాత పొద్దుగూకే వేళ ఒడ్డుకు వెళ్ళింది. పోలమ్మ ఖాళీ గంప పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. హైమావతి ఆమె పక్కన ఇసుకలో కూలబడింది.

"మామ్మా, నీకొక మాట చెప్పాలి. కోప్పడినా సరే. ఆ 417 పడవ లేదు. అసలు ఎప్పుడూ లేదు. నేను కంప్యూటర్లో రెండక్షరాలు తప్పు కొట్టి మానేశాను. దానితో ఒక నంబరు వృథా అయింది. అంతే. వాళ్ళు వెతుకుతున్నది నీ కొడుకు పడవని కాదు మామ్మా. దేన్నీ కాదు." చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

పోలమ్మ హైమావతి తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఉప్పుకి గరుకుగా ఉంది.

"నాకు తెలుసే తల్లీ. పద్దెనిమిదేల్ల నాటి పడవ మీ మిసన్లోకి ఎలగొస్తాది? నాను సదువుకోనేదు గానీ, ఎర్రిదాన్ని కాను."

"మరి రోజూ ఎందుకు కూర్చుంటున్నావు?"

"ఆడు పోయినప్పుడు ఆపీసుకెల్లినాను. ఇదే ఆపీసు. అప్పుడింకో బాబు ఉండీవోడు. నా కొడుకు పడవ రానేదు, ఎవలినైనా పంపండి బాబూ అని కాల్ల మీద పడ్డాను. నెంబరెంత అన్నాడు. నెంబరు నేదు బాబూ, ఎర్రగీత ఉంటది అన్నాను. పుస్తకంలో రాయని పడవ పోయినట్టు ఎలగ రాస్తాం, ఎల్లు అన్నాడు. పదిరోజులు తిరిగినాను. ఒక్కలు కదల్నేదు." ఆమె సముద్రం వైపు చూసింది. గస్తీ లాంచీ తిరిగొస్తోంది, చిన్న దీపం ఊగుతోంది. "ఇప్పుడు సూడు. మా వోడి కోసం గవుర్మెంటు లాంచీ ఎల్తంది. కన్నులు ఎలగుంటాయో రాసుకుని మరీ ఎతుకుతన్నారు. ఒగ్గెయ్ తల్లీ. నువ్వేటీ సెప్పకు. ఎతకనీ."

మర్నాడు ఆఫీసులో వారపు నివేదిక పూర్తి చేయాల్సి వచ్చింది. 417 ఎదురుగా ఒక ఖాళీ గడి ఉంది. మార్చి నెలాఖరుకి ఇంకా మూడు వారాలుంది. ఏకామ్రేశ్వరరావు గారు తన గదిలో ప్రశంసాపత్రానికి అద్దం కట్టించే విషయం మాట్లాడుతున్నారు. హైమావతి ఆ గడిలో 'గాలింపు కొనసాగుతున్నది' అని కొట్టి, భద్రం చేసింది.

లాంచీ ఇప్పటికీ వారానికోసారి, గురువారం నాడు, గవ్వలదిబ్బ నుంచి బయల్దేరుతుంది. పోలమ్మ ఆ పొద్దున దూరదర్శిని మనిషికి అన్నం, వేపిన కవళ్ళు ఆకులో కట్టి ఇస్తుంది.

"పోయిన వారం ఎడమేపు సూసినావు గదా బాబూ," అంటుంది. "ఇయ్యాల కుడేపు సూడు."

అతను అలాగేనమ్మా అని, కుడివైపు చూస్తూ వెళ్తాడు.